అమ్మ ఎడమ పక్కన

మా అమ్మ రెండోసారి నడక నేర్చుకున్న ఆ చలికాలంలో ఆమెను పట్టుకుని నడిపించింది నేనే. రైల్వే వాళ్ళ ట్రాఫిక్ కాలనీలో మా వరసలో ఉన్న పదహారు క్వార్టర్ల వాళ్ళూ నన్ను మెచ్చుకున్నారు. కొడుకంటే సూరజ్‌లా ఉండాలని ఎదురింటి సరస్వతమ్మగారు తన కొడుకులకి నన్ను చూపించి చెప్పేది. నేను కాదనలేదు. అనాల్సిన రోజుల్లో అనలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు ఇప్పుడు చెబుతున్నాను.

అమ్మ పేరు నూకాలమ్మ. టాటానగర్ యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసేది. ఆడమనిషైనా ఆ ఉద్యోగానికి పేరు అదే. బండి ఏ లైనులోకి వెళ్ళాలో చూసి పాయింట్లు మార్చడం, వాగన్లను కలపడం, విడదీయడం, ఇంజనుకి జెండా చూపించడం ఆమె పని. నాన్న సర్వీసులో ఉండగానే కామెర్లతో పోతే ఆ ఉద్యోగం అమ్మకిచ్చారు. అప్పటికి ఆమెకి నలభై ఏళ్ళు. రైలు పట్టా దాటడానికే జంకే మనిషి, ఏడాది తిరిగేసరికి యార్డులో కంకర రాళ్ళ మీద మగవాళ్ళకంటే చురుగ్గా నడిచేది.

దీపావళి అయ్యాక ఇక్కడివాళ్ళు చేసే ఛఠ్ పండగ వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్న, ఇంజనుకి పచ్చజెండా చూపిస్తుండగా ఆమె ఎడమ చేతిలోంచి జెండా జారిపోయింది. తీసుకుందామని వంగి, మరి లేవలేకపోయింది. ఇంజను డ్రైవరు చూసి బండి ఆపి, ఇంకో ఇద్దరితో కలిసి ఆస్పత్రికి మోసుకెళ్ళాడు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. ప్రాణానికి భయం లేదు, మాట పోలేదు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రం ఆమె చెప్పిన మాట వినడం మానేశాయి.

పన్నెండు రోజుల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. ఇంట్లో మేమిద్దరమే. నాకు ఇరవై ఎనిమిది. ఆరేళ్ళుగా రైల్వే పరీక్షలు రాస్తున్నాను. ఒకసారి రాతపరీక్ష దాటి పరుగు పరీక్షలో పోయాను. ఇంకోసారి ఒకటిన్నర మార్కుతో పోయింది. మిగతావి ఎందుకు పోయాయో చెప్పుకోవడానికి ఆ మాత్రం కారణం కూడా లేదు. ఇంట్లో ఖాళీగా ఉన్నవాణ్ణి కాబట్టి అమ్మ పని నా మీద పడింది. మొదట్లో నాకు అది సంతోషంగానే ఉండేది. పొద్దున్న లేవడానికి ఒక కారణం దొరికింది.

రోజు విడిచి రోజు ఆటోలో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ స్మిత అనే అమ్మాయి ఉండేది. రోజూ ఘాట్‌శిలా నుంచి రైల్లో వచ్చేది. హిందీలో మెల్లగా, ఒక్కో మాటా రెండుసార్లు చెప్పేది. అడుగు సంగతి తర్వాత, ముందు నిలబడటం నేర్చుకోవాలంది. వారం రోజులు అమ్మ చేత నిలబడటమే చేయించింది. బరువు కుడికాలి మీంచి ఎడమకాలి మీదకి, మళ్ళీ కుడికాలి మీదకి. ఎడమ పక్కకి ఒరగమంటే అమ్మ నుదుటి మీద చెమట పట్టేది, అంత చలిలోనూ.

"అటేపు నేలే నేదనిపిత్తందిరా" అనేది నాతో.

తర్వాత అడుగులు. బూటులోపల, పాదం వేలాడకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ బద్ద ఒకటి. కుడిచేతిలో కర్ర. నడుం చుట్టూ వెడల్పాటి గుడ్డ బెల్టు. నేను అమ్మకి ఎడమ పక్కన, అరడుగు వెనక నిలబడాలి. మడమ ముందు ఆనాలి, వేళ్ళు తర్వాత. పాదాల వంక చూసుకోకూడదు, ఎదురుగా చూడాలి. మలుపు తిరిగేటప్పుడు కాలి మీద గిర్రున తిరక్కుండా చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరగాలి. నడుస్తూ మాట్లాడటం కూడా అలవాటు కావాలని, ఏదో ఒకటి చెబుతూ నడవమనేది. అమ్మ స్టేషన్ల పేర్లు చెప్పేది. ఆదిత్యపూర్, గమ్హరియా, బిర్‌రాజ్‌పూర్, సీని. ఒక్కో పేరుకి రెండడుగులు. పేరు తప్పితే అడుగూ తప్పేది.

నాకు స్మిత నేర్పింది ఒకటే. మొదటి పది రోజులు బెల్టులో వేళ్ళు పెట్టి ఉంచాలి. ఆ తర్వాత వేళ్ళు తీసెయ్యాలి. చెయ్యి దగ్గరే ఉండాలి కానీ తగలకూడదు. పడబోతేనే పట్టుకోవాలి, పడుతుందేమోనని పట్టుకోకూడదు. నువ్వు పట్టుకున్నంతసేపూ ఆమె శరీరం నీ చేతి మీదే నిలబడుతుంది తప్ప తన కాలి మీద నిలబడదని చెప్పింది. ఆ మాట నాకు బాగా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

నెలకోసారి పరీక్ష పెట్టేది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. డిసెంబరు మొదట్లో అమ్మకి నలభై ఒక్క సెకన్లు పట్టింది. నెలాఖరుకి ఇరవై ఏడు. ఆ రోజు ఆటోలో వస్తూ, "లూపు లైన్లో ఆపీసిన గూడ్సు కన్నా నానే నయం గదా" అని నవ్వింది. నవ్వితే మూతి ఇంకా కొంచెం కుడిపక్కకే పోతోంది. ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుని మళ్ళీ నవ్వింది.

కొత్త సంవత్సరం వచ్చాక మొదటి ఆదివారం సీతారాం మావయ్య వచ్చాడు. అమ్మకి సొంత తమ్ముడు, లోకో షెడ్‌లో ఫిట్టరు. కమలాపళ్ళు తెచ్చాడు, తను అప్ప అని పిలిచే అక్క నడక చూసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత టీ తాగొద్దామని నన్ను బాగ్‌బేడా రోడ్డుకి తీసుకెళ్ళాడు. ఆఫీసులో కనుక్కున్నాడట. మార్చిలో చక్రధర్‌పూర్ రైల్వే ఆస్పత్రిలో డాక్టర్లు అమ్మని చూస్తారు. యార్డు పనికి ఎలాగూ పనికిరాదంటారు. ఇక మిగిలింది రెండే దారులు.

"అప్ప బాగా నడిసీసిందనుకో, ఏదో కూకునే పనిచ్చి ఉంచేత్తారు. అసల్నడవనేదనుకో, ఇంటికి పంపీసి ఆ సోటు నీకిచ్చే ఈలుంది. నిన్నేటీ సెయ్యమంటం నేదు నాను. తెలుసుకోమంటన్నాను" అన్నాడు.

ఇంకా చాలా చెప్పాడు. ఏడేళ్ళు ఎండలో, వానలో చేసింది, ఇక కూర్చోనీ అన్నాడు. నీ వయసు దాటిపోతోంది, తర్వాత పరీక్ష రాయనివ్వరు అన్నాడు. మావయ్య చెడ్డవాడు కాడు. మా ఇద్దరి మంచీ కోరినవాడే. నేను టీ తాగేశాను. అలా ఎలా అనుకుంటావు మావయ్యా అని మాత్రం అనలేదు.

ఆ రోజు నేను ఏదీ నిర్ణయించుకోలేదు. అది నిజం. కానీ మర్నాడు పొద్దున్న అమ్మని వీధిలో నడిపిస్తుంటే నా వేళ్ళు బెల్టులోకి వెళ్ళాయి. మంచు పడుతోంది, నేల తడిగా ఉంది, జారుతుందేమో అనుకున్నాను. ఆ మర్నాడు మంచు లేదు. వేళ్ళు బెల్టులోనే ఉన్నాయి.

తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చలి ఎక్కువగా ఉందని సాయంత్రం నడక మాన్పించాను. దొడ్లో ఉన్న మరుగుదొడ్డిదాకా నడవక్కర్లేకుండా, మధ్యలో కన్నం ఉండే కుర్చీ ఒకటి తెచ్చి గదిలోనే వేశాను. మంచినీళ్ళ గ్లాసు అడక్కముందే చేతికిచ్చాను. కర్ర ఆమెకి దూరంగా, మూలకి చేర్చి పెట్టాను. నేను ఎక్కడా కసురుకోలేదు, విసుక్కోలేదు. సరస్వతమ్మగారు మెచ్చుకున్నది ఈ రోజుల్లోనే. బయట నడిచేటప్పుడు బెల్టుని వెనక నుంచి గట్టిగా పట్టుకుని దాదాపు ఎత్తి నడిపించేవాణ్ణి. చూసేవాళ్ళకి ఎంతో భద్రంగా కనిపించేది. అమ్మ ఎడమకాలు మళ్ళీ నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. ఆ ఈడుపు చప్పుడు వింటూ, వినపడనట్టు నేను పక్కనే నడిచేవాణ్ణి.

స్టేషన్ల పేర్లు చెప్పడం అమ్మ ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

జనవరి ఆఖరి వారంలో స్మిత మళ్ళీ కుర్చీ వేసి గడియారం చూసింది. ముప్పై మూడు సెకన్లు. పొరపాటేమోనని ఇంకోసారి చేయించింది. ముప్పై నాలుగు. ఆమె కాగితం మీద రాసుకోలేదు. అమ్మ బూటు విప్పించి పాదం కదిలించి చూసింది, బలం చూసింది. బలం తగ్గలేదు. అప్పుడు నా వైపు తిరిగి, ఇంటి దగ్గర చెయ్యి వదిలి నడిపిస్తున్నావా అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు అమ్మ తనకొచ్చిన హిందీలో చెప్పింది. వాడు వదులుతానంటాడు, నాకే భయం, నేనే పట్టుకోమంటున్నాను, వాణ్ణేమీ అనొద్దు అంది.

స్మిత మా ఇద్దరినీ చూసింది. భయపడితే ఎలా అని అమ్మకే నచ్చజెప్పింది. నేను వంగి అమ్మ బూటు తొడిగాను. తాడు ముడి పడలేదు. రెండుసార్లు విప్పి కట్టాను. అమ్మ కుడిచెయ్యి నా తల మీద ఉంది, పడిపోకుండా ఆనుకోవడానికి.

నాకు భయం అని ఆమె నాతో ఒక్కరోజు కూడా అనలేదు. పట్టుకోమనీ అనలేదు.

మర్నాడు పొద్దున్న లేచేసరికి అమ్మ మంచం మీద లేదు. దొడ్డి తలుపు తీసి ఉంది. మరుగుదొడ్డి నుంచి గోడ పట్టుకుని తిరిగొస్తోంది. బెల్టు లేదు, కర్ర లేదు, బూటు మాత్రం ఉంది. ఒంటి చేత్తో దాన్ని ఎలా తొడుక్కుందో తెలియదు. నేను పరుగెత్తబోయాను. ఆమె గోడ మీంచి చెయ్యి తీసి, ఆగమన్నట్టు చూపించింది. యార్డులో ఇంజనుని ఆపేటప్పుడు చెయ్యి అలాగే పెడుతుందేమో. ఆగిపోయాను. ఆమె వచ్చి గుమ్మం గట్టు మీద మెల్లగా కూర్చుంది, ఊపిరి తీసుకుంది.

"మీ మావయ్య నాకూ సెప్పాడురా" అంది. "నీకు సెప్పిన మర్నాడే ఫోను సేసి సెప్పాడు."

నేను నిలబడే ఉన్నాను.

"మీ అయ్య పోతే ఈ ఉజ్జోగం నాకొచ్చింది. ఏడేళ్ళు జీతం అందుకున్నప్పుడల్లా అదే గేపకం. ఆ మడిసి ఉంటే ఇది నాకాడుండదు గదా అనీసి. ఆ తిండి ఎలాగుంటాదో నాకెరిక. నీకూ అదే గావాలంటే నోరిప్పి అడుగు. నీకోసరం కూకోమంటే కూకుంటాను. అడక్కండా ఇలగ పట్టుకోకు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టమైంది. నిజంగానే నా సమాధానం కోసం చూస్తోంది. అడిగితే కూర్చుండిపోయేది. ఇప్పటికీ నాకు ఆ విషయంలో అనుమానం లేదు.

పక్క క్వార్టరులో కుక్కరు కూత వేసింది. నేను లోపలికి వెళ్ళి ఆ కన్నం కుర్చీ మడిచి బయటికి తెచ్చాను. కొన్న దుకాణానికే సైకిల్ మీద పెట్టుకెళ్ళి ఇచ్చేసి వచ్చాను. వాడు తిరిగి తీసుకోనన్నాడు. ఊరికే ఉంచుకోమని అక్కడే వదిలేశాను.

ఆ సాయంత్రం మళ్ళీ నడక మొదలుపెట్టాం. నేను ఎడమ పక్కన, అరడుగు వెనక. చేతులు ఖాళీగా.

పట్టుకోకుండా నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆమె ఒరిగిన ప్రతిసారీ నా ఒళ్ళంతా అటే ఒరిగేది. నాలుగో రోజు వీధి మలుపులో అమ్మ గిర్రున తిరగబోయి పడిపోయింది. పట్టుకోబోయాను, అందలేదు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం వచ్చింది. సరస్వతమ్మగారు గేటులోంచే, కాస్త పట్టుకోరాదా నాయనా అంది. అమ్మ నేల మీద కూర్చుని, స్మిత నేర్పినట్టు కుడి పక్కకి ఒరిగి, మోకాళ్ళ మీదకి వచ్చి, నా వైపు చూడకుండా, "నెగుత్తాన్లే సరస్సత్తప్పా, ఆడు నేర్పుతన్నాడు" అంది. లేవడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. వీధిలో వాళ్ళు నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. ఆ చలికాలంలో నేను చేసిన మంచి పని అదొక్కటే, దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు.

ఫిబ్రవరి అంతా నడిచాం. పొద్దున్న వీధిలో, సాయంత్రం రైల్వే మైదానం గడ్డిలో. పక్కకి అడుగులు, వెనక్కి అడుగులు, ఇటుక దాటడం. ఒకరోజు అమ్మ యార్డు వైపు గోడ దాకా వెళదామంది. గోడ అవతల కంకర మీద వాగన్లు కదులుతున్న చప్పుడు. కర్ర మీద కుడిచెయ్యి ఆనించి, ఏ లైనులో ఏ బండి తీస్తున్నారో చూడకుండానే చెప్పింది. చాలాసేపు అక్కడ నిలబడ్డాం. చలికి తిరిగి వెళదామని నేనే అన్నాను. నెలాఖరుకి స్మిత గడియారంలో పద్దెనిమిది సెకన్లు వచ్చింది.

హోలీ వెళ్ళిన వారానికి చక్రధర్‌పూర్ వెళ్ళాం. బయల్దేరే ముందు మావయ్య ఫోను చేశాడు. అమ్మ ఆ మాటా ఈ మాటా మాట్లాడి, మందులేసుకున్నానని చెప్పి పెట్టేసింది. ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్లు. నన్ను గుమ్మం దగ్గర ఉండమన్నారు. అమ్మని నిలబడమన్నారు, పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకోమన్నారు. కర్ర లేకుండా గోడ దాకా వెళ్ళి రమ్మన్నారు.

ఆమె ఎదురుగా చూస్తూ వెళ్ళింది. గోడ దగ్గర చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరిగింది. సగం తిరిగాక కొంచెం తూలింది. గుమ్మం దగ్గర ఉన్న నా చెయ్యి గాలిలోకి లేచింది. లేచిన చెయ్యిని ఎవరైనా చూశారేమోనని దించేసుకున్నాను. అమ్మ నిలదొక్కుకుని తిరిగొచ్చింది.

పెద్ద డాక్టరు బాగా నడిచావని మెచ్చుకున్నాడు. అమ్మ ఆయన్ని ఒకటే అడిగింది, కంకర మీద కూడా నడిపించి చూడండి సార్ అని. ఆయన నవ్వి, ఇక కంకర అవసరం లేదమ్మా, స్టేషన్లో కూర్చుని చేసే పనికి రాస్తున్నామన్నాడు.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని అమ్మ ఏడ్చింది. చప్పుడు లేకుండా, చాలాసేపు. నా కోసం ఏడుస్తోందనుకున్నాను. నా ఉద్యోగం పోయిందని. అలా అనుకుని ఓదార్చబోయాను కూడా.

"యార్డుకి ఎల్లిపోదుననుకున్నాన్రా" అంది. "రాళ్ళ మీదెలగ నడవాలోననే గదా ఇన్నాళ్ళూ."

అప్పుడు నాకు తెలిసింది, ఈ నాలుగు నెలల్లో ఆమె ఎక్కడికి నడుస్తోందో నేను ఒక్కసారి కూడా అడగలేదని. కూర్చునే పనా, ఇంట్లో కూర్చోవడమా అని మేమంతా లెక్కలు వేసుకుంటుంటే, ఆమె కూర్చోవడానికే సిద్ధంగా లేదు. అయినా ఆ రోజు గుమ్మం గట్టు మీద, అడిగితే కూకుంటానంది.

బండి సీని దాటాక చెప్పాను. "నాకు కావాలనిపించిందమ్మా. ఆ ఉద్యోగం."

"ఎవులికనిపించదు" అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. పల్లీలమ్మేవాడు వస్తే పిలవమంది.

మావయ్య రెండు వారాలు మా ఇంటికి రాలేదు. తర్వాత వచ్చాడు. గమ్హరియాలో స్ప్రింగులు చేసే చిన్న ఫ్యాక్టరీలో నా గురించి మాట్లాడాడు. పర్మనెంటు కాదు, ఎనిమిది గంటలు నిలబడి చేసే పని. ఏప్రిల్ రెండో వారంలో చేరాను. ఆ వారమే అమ్మ స్టేషన్ మేనేజరు ఆఫీసులో రిజిస్టర్ల పనికి చేరింది.

మొదటి రోజు ఇద్దరం ఒకేసారి బయల్దేరాం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కాలనీ మలుపు దగ్గర రోడ్డుకి ఇవతల నాకు ఆటో, స్టేషనుకి వెళ్ళాలంటే అమ్మ రోడ్డు దాటాలి. దాటిస్తానని నేను అనలేదు. ఆమె అడగలేదు. టిఫిను డబ్బా సంచి భుజానికి సర్దుకుని, అటూ ఇటూ చూసి, కర్ర ముందుకి వేసి రోడ్డు మీదకి దిగింది. ఒక స్కూటరు నెమ్మదించి ఆమెకి దారిచ్చింది.

ఆటోవాడు నా కోసం రెండుసార్లు హారన్ కొట్టాడు. లోపల ఒకటే సీటు ఖాళీగా ఉంది. అమ్మ రోడ్డు మధ్యకి చేరింది, ఇంకా సగం ఉంది. నేను ఎక్కి కూర్చున్నాను. ఆటో కదిలింది.